టెక్ సందేహాలు: అంగీ తొడిగేసరికే అర్ధరాత్రి

పోయినవారం ఒక జవాబు చివర్లో మాట జారాను. కొత్త ఆట కొన్న మొదటి రోజంతా నాకు పాత్ర ముఖం దిద్ది, బట్టలు తొడగడానికే సరిపోతుందని. ఇంకేముంది, ‘మీరూ మా బాపతేనా’ అంటూ మెయిళ్లు. ప్రింటర్ మొరాయింపులు, ఫోన్ హ్యాంగులు వచ్చేవారం చూద్దాం. ఈవారం డ్రెస్సుల గదిలోంచి బయటికి రావడం లేదు.

సందేహం: ఆన్‌లైన్ ఆటలో పాత్ర తయారు చేసేసరికి నాకు నాలుగు గంటలు పట్టింది. ముక్కు, కనుబొమ్మలు, అంగీ రంగు అన్నీ అయినయి కానీ ఒక్క శత్రువును కూడా కొట్టలేదు. రూమ్మేట్లు ‘పెండ్లిచూపులకు పోతున్నవా’ అని ఏడిపిస్తున్నరు. మిగతావాళ్లకు ఎంతసేపు పడుతుంది? బట్టల మీద పోయే టైమ్‌ను విడిగా కొలిచే సాఫ్ట్‌వేర్ ఉందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాజీపేట

తమ్మీ, నాలుగు గంటలంటే పెద్ద రికార్డేం కాదు. రాండమ్ బటన్ ఒక్కసారి నొక్కి, వచ్చిన ముఖంతోనే కత్తి పట్టుకుని బయల్దేరేవాళ్లున్నారు. రెండు సాయంత్రాలు కనుబొమ్మల దగ్గరే ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. ఈ తేడా మనిషి ఓపికలో కన్నా ఆట నియమాల్లోనే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. ముఖం తర్వాత మార్చుకోవడం ఎంత సులువు? అదీ లెక్క. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో జాతి, ఎత్తు, ముఖం కట్టు మార్చాలంటే ఫాంటేసియా అనే మందు సీసా కావాలి. కథలో ఒకటి ఉచితంగా దొరుకుతుంది, తర్వాతివి డబ్బు పెట్టి కొనుక్కోవాలి. మాంస్టర్ హంటర్ వైల్డ్స్ 2025లో వచ్చినప్పుడు పాత్రను మళ్లీ మొదటి నుంచి దిద్దాలంటే వోచర్ కావాల్సి వచ్చేది. ఎల్డెన్ రింగ్‌లో కొంత దూరం ఆడాక అద్దం ముందు నిలబడి ఊరికే మార్చుకోవచ్చు. ఇప్పుడు తప్పితే మళ్లీ కుదరదన్న భయం ఉన్నచోట చెయ్యి స్లైడర్ మీంచి లేవదు.

అయినా ముఖం ఒక్క రాత్రి పని. ఏండ్లకేండ్లు తినేది బట్టలే. ఒకప్పుడు బలమైన కవచం ఏది దొరికితే అదే తొడుక్కోవాలి. శిరస్త్రాణం ఒక యుద్ధంలోది, భుజకవచం ఇంకో యుద్ధంలోది, బూట్లు సంతలో కొన్నవి. మొత్తం కలిపి చూస్తే పగటివేషగాడిలా ఉండేది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట 2011 చివర్లో ట్రాన్స్‌మాగ్ అనే ఏర్పాటు తెచ్చింది. అందులో బలం ఒక కవచానిది, రూపం ఇంకోదానిది. ఫైనల్ ఫాంటసీ 14లో దాన్నే గ్లామర్ అంటారు. అక్కడ వారం వారం ఫ్యాషన్ పోటీ కూడా ఉంది. మంగళవారం అంశం చెబుతారు, శుక్రవారం నుంచి మాస్క్‌డ్ రోజ్ అనే న్యాయనిర్ణేత ముందు నిలబడి మార్కులు వేయించుకోవచ్చు. 100కు 80 వస్తే బహుమతి పూర్తిగా వస్తుంది. ‘రాక్షసులను చంపడం సరదాకి, అసలు ఆట ఫ్యాషనే’ అని ఆ ఆటగాళ్లు జోకేసుకుంటారు. సగం జోకే.

కొలత సంగతి. ఫైనల్ ఫాంటసీలో చాట్ పెట్టెలో స్లాష్ కొట్టి ప్లేటైమ్ అని టైప్ చేస్తే మొత్తం గంటలు చెబుతుంది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ యాప్ కూడా మొత్తమే చూపిస్తుంది. యాక్టివిటీవాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ విండో ఎంతసేపు తెరిచి ఉందో రాసిపెడుతుంది. కానీ ఆట విండో పేరు యుద్ధంలో ఉన్నా, అద్దం ముందున్నా ఒక్కటే. కాబట్టి దానికీ తేడా తెలియదు. నేను చేసే చిట్కా చాలా మోటుది. డ్రెస్సుల తెర తెరవగానే ఒక స్క్రీన్‌షాట్, మూసే ముందు ఇంకోటి. స్టీమ్‌లో ఎఫ్12 కొడితే చాలు. రెండు ఫైళ్ల సమయాలు తీసేస్తే లెక్క తేలుతుంది. పైగా ముందెట్లుండె, తర్వాతెట్లయింది అనేది ఫోటోలతో సహా ఉంటుంది.

ఇంకో మాట. ఎక్కువ ఆటల్లో కెమెరా పాత్ర వెనకే ఉంటుంది. అంటే వందల గంటలు నువ్వు చూసేది వీపు. అందరం ముక్కు మీద గంట గడుపుతాం, వెనక వేలాడే వస్త్రం సంగతి మరిచిపోతాం. ఓకే నొక్కేముందు పాత్రను ఒకసారి అటు తిప్పి చూడు.

మధ్యమధ్యలో సేవ్ కూడా చెయ్యి. ఇది నా సొంత గాయం. మూడేండ్ల కింద ఎండాకాలం, సుబేదారిలో నా గదిలో ఒక యోధురాలిని మూడు గంటలు కూర్చుని తీర్చిదిద్దాను. చెంప మీద చిన్న గాటు మచ్చ, ఎడమ కనుబొమ్మ ఒక్క పిసరు పైకి. ‘ఫినిష్’ మీద మౌస్ పెట్టానో లేదో కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే చచ్చి రెండేండ్లు, ప్లగ్గు తీస్తే అక్కడికక్కడే ప్రాణం వదిలేది. మర్నాడు మళ్లీ చేశాను. మచ్చ వచ్చింది, కనుబొమ్మ వచ్చింది, ఆ మనిషి రాలేదు. బ్లాక్ డెజర్ట్‌లో రూపాన్ని సేవ్ చేస్తే డాక్యుమెంట్స్‌లో ఆట పేరున్న ఫోల్డర్ లోపల కస్టమైజేషన్ అనే ఫోల్డర్‌లో ఫైల్‌గా పడుతుంది. దాన్ని గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకో. ఫైనల్ ఫాంటసీకీ ఇలాంటి ఏర్పాటు ఉంది.

రూమ్మేట్లను మాత్రం ఒక ఆదివారం పాలంపేట తీసుకపో. 1213 నాటి రామప్ప గుడిలో నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) మెడలో ఒక్కో పూస ఎట్లా చెక్కారో చూడనీ. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి. గైడ్లు అది చూపించకుండా ఎవరినీ వదలరు.

సందేహం: స్టీమ్‌లో ఆట కొన్నాక పాత్ర తయారీకే రెండు గంటలు దాటితే, ఆట నచ్చకపోతే డబ్బులు వాపస్ వస్తయా?
– హంటర్ రోడ్, వరంగల్

అడిగినంత మాత్రాన వస్తాయన్న భరోసా లేదు. స్టీమ్ నియమం: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే కారణం అడగకుండా వాపస్. ఆ గడియారం విండో తెరిచినప్పుడే మొదలవుతుంది. మీరు పులితో పోరాడుతున్నారా, మీసం దిద్దుతున్నారా అని చూడదు. దాటాక కూడా అభ్యర్థన పెట్టొచ్చు, ఒప్పుకోవడం వాళ్లిష్టం.

అందుకని పెద్ద ఆట కొనేముందు ఉచితంగా పాత్ర తయారీ విడిగా ఇచ్చారేమో వెతకండి. డ్రాగన్స్ డాగ్మా 2 వాళ్లు 2024 మార్చిలో, ఆట విడుదలకు రెండు వారాల ముందే, పాత్రలు చేసి దాచుకునే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇచ్చారు. అందులో చేసిన ముఖం నేరుగా అసలు ఆటలోకి వచ్చింది. అట్లాంటిది లేకపోతే? మొదటి రోజు రాండమ్ ముఖంతో ఒక గంట ఆడండి. పోరాటం నచ్చితే అప్పుడు అన్నీ తుడిచేసి అద్దం ముందు కూర్చోండి. నాకు చేతకాని పనే అది, అయినా చెబుతున్నాను.

సందేహం: ఆట ఆడుతుంటే ల్యాప్‌టాప్ మామూలుగానే ఉంటుంది. డ్రెస్ మార్చే తెరకు పోంగనే ఫ్యాన్ విమానం లెక్క మోగుతుంది. వైరస్సా?
– రామగుండం

వైరస్ కాదు. యుద్ధంలో గ్రాఫిక్స్ కార్డుకు చేతినిండా పని, సెకనుకు అరవై బొమ్మలు గీయడమే ఎక్కువ. డ్రెస్సుల తెరలో ఒక్క మనిషి, వెనక ఖాళీ గోడ. ఆపమని ఎవరూ చెప్పకపోతే అదే కార్డు సెకనుకు వందల బొమ్మలు గీస్తూ పోతుంది. మీ కంటికి తేడా తెలియదు, వేడి మాత్రం తెలుస్తుంది. 2021 జులైలో న్యూ వరల్డ్ అనే ఆట బీటాలో (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే రూపంలో) మెనూ తెర దగ్గరే కొందరి ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు కాలిపోయాయి. టంకంలో లోపమున్న కొన్ని కార్డులవి అని తయారీదారు తర్వాత తేల్చాడు, ఆటవాళ్లూ మెనూలో ఫ్రేమ్‌రేటుకు, అంటే సెకనుకు గీసే బొమ్మల లెక్కకు, అడ్డుకట్ట వేశారు. మీరు ఆట సెట్టింగుల్లో ఫ్రేమ్ లిమిట్ 60 పెట్టండి, లేదా తెర వేగాన్ని దాటి గీయనివ్వని వీసింక్ ఆన్ చేయండి. ఆటలో ఆ ఎంపిక లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది. రామగుండం ఎండల్లో బయట ఉన్న వేడి చాలు.

సందేహం: మా తాత కొత్తవాడలో దర్రీలు నేసెటోడు. ఆయన డిజైన్‌ను రోబ్లాక్స్‌లో అంగీగా చేద్దామని నెల రోజుల నుంచి రోజూ రాత్రి కూర్చుంటున్న. ముందు వైపు బాగనే ఉంటది, పక్కకు తిప్పితే గీతలు కలుస్తలేవు. నా ఫోన్ల మంచి ఎరుపు, దోస్తు ఫోన్ల ఇటుక రంగు.
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

చెల్లె, ఈవారం ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది నీదే. ముందు గీతల సంగతి చూద్దాం.

రోబ్లాక్స్ (ఆటలు, వాటి బట్టలు ఆడేవాళ్లే తయారుచేసుకునే ఆన్‌లైన్ వేదిక) అంగీ నమూనా 585 బై 559 పిక్సెళ్ల బొమ్మ. అందులో ఛాతీ ముందు భాగం 128 బై 128, వీపూ అంతే, రెండు పక్కలు చెరో 64 వెడల్పు. అంటే నడుము చుట్టూ తిరిగితే 128, 64, 128, 64, మొత్తం 384. ఇప్పుడు నీ డిజైన్‌లో ఒక పువ్వు వెడల్పు ఎంత? 40 అయితే ముందు భాగంలో మూడు పువ్వులు పోను 8 మిగులుతుంది, పక్కన ఒకటిన్నర పువ్వు పైన కొంచెం పడుతుంది. ఎక్కడా కలవదు. 32 పెట్టు. ముందు నాలుగు, పక్కన రెండు, వెనక నాలుగు. చేతులకూ ఒక్కో ముఖం 64 వెడల్పే, రెండేసి పువ్వులు సరిగ్గా కూర్చుంటాయి. ఇంకొకటి, నమూనాలో పెట్టెకూ పెట్టెకూ మధ్య సన్నని సందు ఉంటుంది. మొత్తం మీద ఒకేసారి గీత లాగితే ఆ సందులో పడిన ముక్క మాయమవుతుంది. ప్రతి పెట్టెనూ దాని అంచు నుంచే మొదలుపెట్టు.

ఇది కొత్త విద్యేం కాదు. మా వీధిలో ఒక దర్రీల నేతగాని ఇంట్లో గ్రాఫ్ కాగితాలు చూసేవాణ్ని. పెన్సిల్‌తో నింపిన గడులు, అంచున అంకెలు. పడుగు పోగుల లెక్కను పువ్వు వెడల్పుతో భాగించి, శేషం మిగిలితే పువ్వును ఒక గడి సన్నం చేసేవాడు. మీ ఇంట్లో అట్లాంటి కాగితం ఒక్కటైనా దొరికితే ఫోన్‌తో ఫోటో తీసి, ఒక గడికి ఒక పిక్సెల్ చొప్పున దించు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, రోబ్లాక్స్‌లోనూ ఒకటి ఉండనీ.

ఇక రంగు. మొదట అనుమానించాల్సింది నైట్ లైట్‌ను. నువ్వు కూర్చునేది రాత్రి. కండ్లకు హాయిగా ఉండేందుకు ఫోన్ నీలం తగ్గిస్తుంది, ఎరుపు వేడెక్కుతుంది. డిజైన్ చేసేటప్పుడు అది ఆపేయ్. డిస్‌ప్లే సెట్టింగుల్లో వివిడ్ ఉంటే నేచురల్‌కు మార్చు, కొట్టొచ్చే ఎరుపంతా ఫోన్ కలిపిందే కావచ్చు. జేపీజీలో కాక పీఎన్‌జీలో సేవ్ చెయ్యి, జేపీజీలో ఒక రంగు పక్క గడిలోకి కారుతుంది. కండ్లను నమ్మకుండా రంగు కోడ్ రాసిపెట్టుకో. అప్‌లోడ్‌కు రోబక్స్ (రోబ్లాక్స్ లోపలి డబ్బు) కట్టాలి, కాబట్టి ముందు రోబ్లాక్స్ స్టూడియోలో ఉచితంగా తొడిగి, నాలుగు వైపులా తిప్పి చూడు.

సందేహం: మా బాబు తొమ్మిదో తరగతి. ఫోన్ల షూటింగ్ ఆట ఆడుతడు. ఆడుడు తక్కువ, డ్రెస్సులు మార్చుడే ఎక్కువ. మొన్న నా ఖాతాల పదహారు వందలు కట్ అయినయి. ఏం చేయాలె?
– గృహిణి, కరీంనగర్

అమ్మా, రెండు సంగతులున్నాయి, వాటిని కలపకండి. డ్రెస్సు మార్చడం మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఆట మొదలయ్యే ముందు నలుగురు దోస్తులు తెర మీద పక్కపక్కన నిలబడతారు. అందులో మనవాడొక్కడే కంపెనీ ఇచ్చిన బనియన్ మీద ఉంటే వాడికెట్లుంటుందో మనకూ తెలుసు, బడికి పాత చెప్పులతో పోయినవాళ్లమే. నా అభ్యంతరం ఆ గదిలో పెట్టిన బటన్ మీద. నచ్చిన డ్రెస్సుకు ధర రాసి అమ్మరు చాలాసార్లు. పెట్టె అమ్ముతారు. పెట్టెలో ఏముందో తెరిస్తేనే తెలుస్తుంది. ఇట్లాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. నేనూ అదే అంటాను.

పదహారు వందలు పోయి 48 గంటలు దాటకపోతే గూగుల్ ప్లేలో వాపస్ అభ్యర్థన వెంటనే పెట్టండి. ప్లే స్టోర్‌లో మీ ఫోటో నొక్కి, సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేటట్టు మార్చండి. ఆ తర్వాత అందరూ మరిచిపోయే పని: ఫోన్ సెట్టింగుల్లో ఎవరెవరి వేలిముద్రలున్నాయో చూడండి. బాబు వేలు అందులో ఉంటే తాళం వేసి చెవి వాడికే ఇచ్చినట్టు. యూపీఐ పిన్ కూడా మార్చేయండి. వాడు ఆడేది బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అయితే, 2021లో వచ్చినప్పుడే 18 ఏండ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలు, 7,000 రూపాయల పరిమితి పెట్టారు. ఏడు వేలు! అదీ రోజుకు! ఆ పరిమితిని నమ్ముకుని కూర్చోకండి.

వాణ్ని తిట్టేముందు ఒకసారి పక్కన కూర్చుని ఆ డ్రెస్సులు చూపించమనండి. కొనకుండా తొడిగి చూసే వీలు చాలా ఆటల్లో ఉంటుంది. పండుగకు ఒకటి, ధర రాసున్నది మాత్రమే, పెట్టెలు బంద్. నేనైతే ఈ ఒప్పందానికి దిగుతాను.

సందేహం: ఏడేండ్లుగా ఆడుతున్న ఆట సర్వర్లు మూసేస్తరట. నేను కూడబెట్టిన డ్రెస్సులు ఏమైతయి?
– నిర్మల్

సర్వర్‌లో ఉన్నవి సర్వర్‌తోనే పోతాయి. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట 2004లో వచ్చింది. సూపర్‌హీరో దుస్తుల తయారీ అందులో ఎంత బాగుండేదంటే, కొందరు పోరాటం పక్కన పెట్టి అందులోనే కాపురం ఉండేవాళ్లు. 2012 నవంబర్ 30న మూసేశారు. అభిమానులు దాన్ని తమ సర్వర్ల మీద మళ్లీ నిలబెట్టుకున్నారు. వాటిలో హోమ్‌కమింగ్ అనే సర్వర్‌కు హక్కుదారు 2024 జనవరిలో అధికారికంగా అనుమతి ఇచ్చాడు. ఆ ఆటలో డ్రెస్సును కంప్యూటర్‌లో ఫైల్‌గా దాచుకోవచ్చు, అట్లా దాచుకున్నవాళ్ల దగ్గర అవి మిగిలాయి.

మీ ఆటలో సేవ్ లేదా ఎక్స్‌పోర్ట్ ఉందేమో ఈ రోజే వెతికి, ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. లేకపోతే ఒక్కో డ్రెస్సుకు మూడు ఫోటోలు, పక్కన ఏ భాగానికి ఏ రంగు వేశారో ఒక కాగితం. వీపు ఫోటో మరిచిపోకండి.