గ్రెనడా హిల్స్ చార్టర్ హైస్కూల్ ప్రైవేటు బడా, గవర్నమెంటు బడా?

లాస్ ఏంజెలెస్ మారుతున్నాం, అందరూ గ్రెనడా హిల్స్ చార్టర్ హైస్కూల్ పేరే చెప్తున్నారు, చార్టర్ అంటే ప్రైవేటా, ఫీజు ఎంత అని అడిగారు కదా. ప్రైవేటు కాదండీ, సర్కారు డబ్బుతో సొంత బోర్డు నడుపుకునే బడి. ఫీజు లేదు. చార్టర్ బడి ట్యూషన్ ఫీజు తీసుకోకూడదని చట్టమే ఉంది. మా వాడు నాలుగేళ్లు అక్కడే చదివాడు. మొదట్లో నేనూ మీలాగే కంగారుపడి, బ్యాంకులో ఎంతుందో చూసుకున్నదాన్నే.

దీన్ని నాకంటే ముందు అర్థం చేసుకున్నది మా మామయ్యగారు. తెనాలి దగ్గర ఎయిడెడ్ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడికొచ్చినప్పుడు అంతా విని, "డబ్బు గవర్నమెంటుది, పెత్తనం కమిటీది. అంటే మా ఎయిడెడ్ బడే కదమ్మా!" అన్నారు. ముప్పావు వంతు నిజం. కాకపోతే మన దగ్గర బడి పెట్టిందీ, బిల్డింగ్ కట్టిందీ కమిటీయే. ఇక్కడ బడి పుట్టడమే సర్కారు బడిగా పుట్టింది.

శాన్ ఫెర్నాండో వ్యాలీలో నారింజ తోటలు పోయి వరసగా ఇళ్లు లేస్తున్న కాలంలో, 1960లో మొదలైంది. నలభై ఏళ్లకు పైగా ఎల్ఏయూఎస్‌డీ, అంటే ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్, నడిపిన మామూలు పేట బడే. అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లకి జాన్ ఎల్వే తెలుసు కదా, ఆయన 1979లో ఇక్కడే స్కూలు చదువు ముగించాడు. గ్రౌండ్‌కి ఆయన పేరే పెట్టారు.

చార్టర్ చట్టం మొదట మిన్నెసోటాలో 1991లో వచ్చింది, మరుసటి ఏడాది కాలిఫోర్నియా చేసింది. ఉన్న బడిని చార్టర్‌గా మార్చాలంటే అక్కడి పర్మనెంట్ టీచర్లలో కనీసం సగం మంది సంతకాలు పెట్టాలి. ఈ బడి 2003లో మారింది. అప్పటినుంచి ఏ టీచర్ని తీసుకోవాలి, ఏ కోర్సు పెట్టాలి, డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి అన్నది బడి సొంత బోర్డు చేతిలో ఉంటుంది. అలాగని డిస్ట్రిక్ట్ పూర్తిగా తప్పుకోలేదు, చార్టర్, అంటే బడి నడుపుకోడానికి ఇచ్చిన అనుమతి, గడువు అయినప్పుడల్లా మళ్లీ దాని ఆమోదం కావాల్సిందే.

డబ్బు వచ్చేది అటెండెన్స్ లెక్కన. తలకింత కాదు, రోజూ సగటున ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి. ఇది కాలిఫోర్నియా సర్కారు బళ్లన్నిటికీ ఉన్నదే. అది తెలియక మేము క్రిస్మస్ సెలవులకి పది రోజుల ముందే గుంటూరు పెళ్లికి వెళ్లిపోయాం. పెళ్లిపందిట్లో ఉండగా రోజూ ఫోన్‌కి మెసేజ్: మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు. అక్షింతలు ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో.

అకడమిక్ డెకాథ్లాన్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్తాను. పది అంశాల్లో పోటీ, టీముకి తొమ్మిది మంది. అయితే ముగ్గురు ఏ గ్రేడు పిల్లలు, ముగ్గురు బీ, ముగ్గురు సీ ఉండాలి. టాపర్లని ఏరి కూర్చోబెడితే కుదరదు. ఈ బడి 2011, 2012, 2013లో వరసగా జాతీయ విజేత, మళ్లీ 2015లోనూ. మధ్యలో 2014 కప్పు పక్కనే వుడ్‌లాండ్ హిల్స్‌లోని ఎల్ కమీనో రియల్ ఎగరేసుకుపోయింది, అదీ చార్టరే. ర్యాంకుల ఫ్లెక్సీలు చూస్తూ పెరిగిన నాకు, సీ గ్రేడు పిల్లాడి కోసం ఒక బడి వెతుక్కుంటుందంటే నమ్మబుద్ధి కాలేదు.

నాకు నచ్చనిది సైజు. నాలుగు వేల పైచిలుకు పిల్లలు. నోరున్నవాడికి పర్వాలేదు, మొహమాటపడే పిల్లాడైతే మీరే వెనకుండి కౌన్సెలర్‌తో మాట్లాడుతూ ఉండాలి.

ఇక ఇల్లు. డిస్ట్రిక్ట్ నడిపిన రోజుల్లో ఈ బడికి కేటాయించిన పాత పరిధిలో ఉండే పిల్లలకి సీటులో ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం, బయటివాళ్లు ఎక్కువైతే లాటరీ. మాకు ఇల్లు చూపించిన ఏజెంటు "ఇదంతా ఆ స్కూల్ ఏరియానే" అన్నాడు. వైట్ ఓక్ అవెన్యూ మీద వరసగా దేవదారు చెట్లు చూసి నేనూ మురిసిపోయి సరే అనేయబోయాను. మా ఆయన ఎందుకో అనుమానం వచ్చి బడికి ఫోన్ చేస్తే ఆ ఇల్లు గీతకి అవతల ఉంది. మీరు లీజు మీద సంతకం పెట్టకముందే, డోర్ నంబరుతో సహా అడ్రసు చెప్పి బడి ఆఫీసులో అడగండి.