యూఎస్‌సీ ఫుట్‌బాల్ జట్టు ఓటములకు డిఫెన్స్ ఒక్కటే కారణమా?

2022, 2023 అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్లలో యూఎస్‌సీ (లాస్ ఏంజెలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టుకు కేలెబ్ విలియమ్స్ వంటి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) ఉన్నాడు, మ్యాచ్‌కు సగటున 40కి పైగా పాయింట్లు వచ్చాయి, అయినా గెలవాల్సిన మ్యాచ్‌లు చేజారాయి. తప్పంతా డిఫెన్స్‌దేనా (ప్రత్యర్థిని అడ్డుకునేవారు), ఆఫెన్స్‌కు (బంతితో ముందుకు వెళ్లేవారు) అందులో ఏ భాగమూ లేదా అని మీరు అడిగారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ రెండేళ్లలో ప్రధాన దోషం డిఫెన్స్‌దే. కానీ దానికి రుజువుగా అందరూ చూపించే ‘ప్రత్యర్థి చేసిన పాయింట్లు’ సరైన రుజువు కాదు. ఆ లెక్కను నమ్మినందువల్లే ఆఫెన్స్ చేసిన తప్పులు చాలామంది కళ్లకు కనపడలేదు.

నేను ఎం.ఎస్. చదవడానికి 2022 ఆగస్టులో గుంటూరు నుంచి లాస్ ఏంజెలిస్ వచ్చాను. అప్పటికి అమెరికన్ ఫుట్‌బాల్ నియమాలు నాకు ఒక్కటీ తెలియవు. క్యాంపస్ దాటి రోడ్డుకు అవతల అడుగు పెడితే జట్టు ఆడే స్టేడియం, కొలీజియం. సెప్టెంబరు 3న రైస్ జట్టుతో జరిగిన మ్యాచ్ నేను చూసిన మొదటి మ్యాచ్. 66-14 తేడాతో గెలిచాం. మన డిఫెన్స్ ప్రత్యర్థి విసిరిన బంతులు అందుకుని మూడుసార్లు నేరుగా టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) చేసింది. తెల్ల గుర్రం ట్రావెలర్ మైదానం చుట్టూ పరుగెత్తుతుంటే, బ్యాండు మోగుతుంటే, ఈ జట్టు బలమంతా డిఫెన్స్‌లోనే ఉందని ఆ రోజు గట్టిగా నమ్మాను. అంతకు ముందు ఏడాది 4 గెలిచి 8 ఓడిన జట్టు అదని కూడా నాకు అప్పుడు తెలియదు. కోచ్ లింకన్ రైలీ, కేలెబ్ విలియమ్స్, డిఫెన్స్ బాధ్యతలు చూసే అలెక్స్ గ్రించ్ ముగ్గురూ ఓక్లహోమా నుంచి వచ్చినవారే.

ఆ నవంబరులో కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టుతో మ్యాచ్ చూస్తున్నప్పుడు నా పక్క సీటులో ఒక పెద్దాయన చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూ కనిపించారు. అడిగితే చూపించారు. ప్రతి డ్రైవ్‌కు, అంటే ఒక జట్టు చేతిలో బంతి ఉన్న ఒక్కో దఫాకు, ఒక వరుస. బంతి ఎన్నో గజం గీత దగ్గర మొదలైంది, ఎన్ని ఆటలు (బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నం) ఆడారు, చివరికి ఏమైంది: టచ్‌డౌనా, ఫీల్డ్ గోలా (గోల్ స్తంభాల మధ్యకు తన్నడం), పంటా (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయడం), బంతి పోగొట్టుకున్నారా. అంతే. పాయింట్ల మొత్తం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ మ్యాచ్ 41-35తో గెలిచాం. నేను మరుసటి మ్యాచ్ నుంచి అలాంటి పుస్తకమే పెట్టుకుని, తప్పు ఎవరిదో రాసుకోవడానికి ఆఫెన్స్‌కు, డిఫెన్స్‌కు చెరో వరుస చేర్చాను. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ పుస్తకం నేర్పిందే.

మనవాళ్లకు ఇది కబడ్డీతో చెబితే తేలిక. కూతకు వెళ్లినవాడు ఔటైతే పోయేది ఒక్క పాయింటే కాదు. తర్వాత అవతలివాడు కూతకు వచ్చినప్పుడు పట్టడానికి ఇవతల ఒక మనిషి తక్కువగా ఉంటాడు. ఇద్దరు ముగ్గురు అలా పోయాక పట్టు సరిగ్గా పట్టలేదని డిఫెండర్లను తిడితే న్యాయమా? ఫుట్‌బాల్‌లో మనుషులు తగ్గరు, నేల తగ్గుతుంది. కిక్‌ఆఫ్ (బంతిని ప్రత్యర్థి వైపు తన్ని ఆట మొదలుపెట్టడం) తర్వాత మామూలుగా ప్రత్యర్థి తన 25 గజాల గీత దగ్గర మొదలుపెడితే టచ్‌డౌన్‌కు 75 గజాలు నడవాలి. మన క్వార్టర్‌బ్యాక్ మన 20 గజాల గీత దగ్గర బంతి పోగొడితే ప్రత్యర్థికి 20 గజాలు చాలు. పాయింట్ల పట్టికలో రెండింటికీ ఒకటే అంకె పడుతుంది.

దీనికి నేను చూసిన అతి పెద్ద ఉదాహరణ 2023 అక్టోబరు 14న నోటర్ డామ్‌తో జరిగిన మ్యాచ్. ఇండియానాలో జరిగింది కాబట్టి మా అపార్టుమెంటులో నలుగురం కలిసి టీవీలో చూశాం. 48-20తో ఓడాం. 48 అనగానే మరుసటి రోజు అందరూ డిఫెన్స్ మీద విరుచుకుపడ్డారు. నా పుస్తకం తెరిచి చూస్తే కథ వేరు. నోటర్ డామ్ ఆఫెన్స్ మ్యాచ్ మొత్తంలో నడిచింది సుమారు 250 గజాలే. మన ఆఫెన్స్ అంతకంటే ఎక్కువే నడిచింది. మరి 48 ఎలా వచ్చాయి? విలియమ్స్ మొదటి సగంలోనే మూడు ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ప్రత్యర్థి చేతికి చిక్కడం) ఇచ్చాడు. జట్టు మొత్తం ఐదుసార్లు బంతి పోగొట్టుకుంది. ఒక ఫంబుల్‌ను (చేజారిన బంతిని) వాళ్ల డిఫెన్సే టచ్‌డౌన్ చేసింది. ఒక కిక్‌ఆఫ్‌ను 99 గజాలు తిరిగి తెచ్చి మరో టచ్‌డౌన్ చేశారు. ఆ రోజు మన డిఫెన్స్‌ను దోషిగా నిలబెట్టడం నాకు బాధ కలిగించింది. ఏటా అత్యుత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైజ్‌మన్ ట్రోఫీ గెలిచిన విలియమ్స్‌ను తప్పు పట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన అంతకు ముందు ఎన్నో మ్యాచ్‌లు ఒంటిచేత్తో గెలిపించాడన్నది నిజమే, కానీ ఆ మ్యాచ్ మటుకు ఆఫెన్స్ ఓడించిన మ్యాచ్.

అయితే డిఫెన్స్ నిర్దోషి అని మాత్రం అనను. మూడు వారాల తర్వాత, నవంబరు 4న, వాషింగ్టన్ జట్టు కొలీజియానికి వచ్చింది. 52-42తో ఓడాం. డిల్లన్ జాన్సన్ అనే ఒక్క రన్నింగ్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) 256 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. అది మోసం చేసే అంకె కాదు. బంతి వాళ్ల సగంలో మొదలైనా మన గోల్ వరకు నడిచి వచ్చేది. చేతికి అందిన మనిషిని పడగొట్టలేకపోవడం ఎంత కష్టంగా ఉంటుందో ఆ సాయంత్రం స్టేడియంలో కూర్చుంటే తెలిసేది. భుజం తగిలించి వదిలేస్తారు, రెండోవాడు కాలు పట్టబోయి జారిపోతాడు, జాన్సన్ ఇంకో ఆరు గజాలు వెళ్తాడు. ప్లాన్ బాగోలేదా, ఆటగాళ్లు బాగోలేరా అని మేం వాదించుకుంటూనే ఉన్నాం. మరుసటి రోజు గ్రించ్‌ను పదవి నుంచి తొలగించారు. ఆ సీజన్ 8 గెలుపులు, 5 ఓటములతో ముగిసింది. ప్రత్యర్థులకు సగటున మ్యాచ్‌కు 34 పాయింట్లు ఇచ్చింది. నోటర్ డామ్ మ్యాచ్‌ను పక్కన పెట్టినా అది చాలా ఎక్కువ. అందుకే ప్రధాన దోషం డిఫెన్స్‌దే అన్నాను.

ఇక్కడ ఒక వాదన తరచూ వింటాను: ఆఫెన్స్ రెండు నిమిషాల్లోనే స్కోరు చేసేయడంవల్ల డిఫెన్స్‌కు విశ్రాంతి లేక అలసిపోయిందని. నేను దీన్ని పెద్దగా ఒప్పుకోను. వాషింగ్టన్ మ్యాచ్‌లో ఎవరూ అలసిపోకముందే, మొదటి సగంలోనే పాయింట్లు ధారగా పోయాయి. నిజంగా అలసట చూడాలంటే 2023 సెప్టెంబరులో పెన్ స్టేట్ చేతిలో అయోవా ఓడిన మ్యాచ్ చూడండి. అయోవా డిఫెన్స్ ఆ ఏడాది దేశంలోని అత్యుత్తమ డిఫెన్స్‌లలో ఒకటి. కానీ వాళ్ల ఆఫెన్స్ మ్యాచ్ మొత్తంలో 33 ఆటలు ఆడి 76 గజాలు మాత్రమే నడిచింది. పెన్ స్టేట్ 97 ఆటలు ఆడింది. 31-0. ఎంత గొప్ప డిఫెన్స్ అయినా అన్నిసార్లు లేచి నిలబడలేదు. యూఎస్‌సీ డిఫెన్స్ పరిస్థితి అది కాదు.

ఎవరిది తప్పో విడదీయడానికి వీల్లేని మ్యాచ్‌లూ ఉంటాయి. 2023 జనవరి 2న టులేన్‌తో ఆడిన కాటన్ బౌల్ (సీజన్ ముగిశాక జరిగే ప్రత్యేక మ్యాచ్) అలాంటిది. ఇంకా ఐదు నిమిషాలైనా లేవు, 45-30తో ముందున్నాం. మా రూమ్మేట్ ఇంటికి ఫోను చేసి గెలిచాం అని చెప్పేశాడు కూడా. టులేన్ ఒక టచ్‌డౌన్ చేసింది. తర్వాతి కిక్‌ఆఫ్‌ను మనవాడు సరిగ్గా పట్టలేక ఒక గజం గీత దగ్గర ఇరుక్కుపోయాడు. అక్కడినుంచి బయటికి రాలేక ఆఫెన్స్ సేఫ్టీ (బంతితో సొంత గోల్ ప్రాంతంలోనే పట్టుబడటం) ఇచ్చింది: రెండు పాయింట్లూ పోయాయి, బంతీ పోయింది. ఆ తర్వాత డిఫెన్స్ ఆపలేకపోయింది. 9 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్, 46-45. విలియమ్స్ ఆ రోజు 462 గజాలు విసిరి ఐదు టచ్‌డౌన్లు చేయించాడు. టులేన్ ఆటగాడు టైజే స్పియర్స్ 17 పరుగుల్లోనే 205 గజాలు పరుగెత్తాడు. ఒక్క పాయింటు తేడాతో ఓడిన మ్యాచ్‌లో ఆ సేఫ్టీని మరిచిపోయి 46 పాయింట్లనూ డిఫెన్స్ మెడకు చుట్టడం ఎలా కుదురుతుంది? ఆధిక్యంలో ఉన్నప్పుడు నేల మీద పరుగుతో గడియారాన్ని కరిగించడం ఈ జట్టుకు అలవాటు కాలేదన్నది అప్పటినుంచీ నా ఫిర్యాదు.

2024లో పరీక్ష లాంటి అవకాశం వచ్చింది. విలియమ్స్ ప్రొఫెషనల్ జట్టు చికాగో బేర్స్‌కు వెళ్లిపోయాడు. లాస్ ఏంజెలిస్‌లోనే ఉన్న మరో విశ్వవిద్యాలయం యూసీఎల్‌ఏలో మంచి డిఫెన్స్ నడిపిన డాంటన్ లిన్‌ను గ్రించ్ స్థానంలోకి తెచ్చుకున్నారు. ప్రత్యర్థులకు ఇచ్చే సగటు 34 నుంచి 24కు దిగింది. తప్పంతా డిఫెన్స్‌దే అయితే జట్టు ఎగిరి గంతులేయాలి కదా. వచ్చింది 7 గెలుపులు, 6 ఓటములు. మ్యాచ్ చివర్లో ఆధిక్యం ఉండి కూడా మిషిగన్, మేరీల్యాండ్, వాషింగ్టన్ చేతుల్లో ఓడింది. ఆరు ఓటముల్లో ఐదింట తేడా ఏడు పాయింట్లు లేదా అంతకంటే తక్కువే. పెన్ స్టేట్ మ్యాచ్‌కు ఉద్యోగం నుంచి సెలవు దినం కావడంతో కొలీజియానికి వెళ్లాను. సగం ఆట అయ్యేసరికి 20-6తో ముందున్నాం. తర్వాత టైలర్ వారెన్ అనే ఒక్క ఆటగాడు మ్యాచ్‌లో 17 బంతులు పట్టి 224 గజాలు సాధించాడు. అదనపు సమయంలో 33-30తో ఓడాం. ఆ రోజు తప్పు డిఫెన్స్ వరుసలోనే రాశాను.

నవంబరు 30న నోటర్ డామ్ మళ్లీ వచ్చింది. 49-35తో ఓడాం. నాలుగో క్వార్టర్‌లో మన ఆఫెన్స్ వాళ్ల గోల్ దాకా వెళ్లి రెండుసార్లు బంతి వాళ్ల చేతికి విసిరింది. క్రిస్టియన్ గ్రే 99 గజాలు, జేవియర్ వాట్స్ 100 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్లు చేశారు. ఆ రెండుసార్లూ మన డిఫెన్స్ మైదానంలోనే లేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ట్రైన్‌లో పుస్తకం తెరిచి, డిఫెన్స్ వరుసలో 49 కొట్టేసి 35 అని రాశాను. మన ఆఫెన్స్ చేసినవీ అన్నే.