టర్న్‌టేబుల్ కోసం కూడబెట్టే డబ్బు వృథానా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఎం.ఎస్. చదువుతూ, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తే వచ్చే కొద్దిపాటి జీతంలోంచి నెలనెలా కొంత పక్కన పెడుతున్నాడు. ఎందుకని అడిగితే 'టెక్నిక్స్' వారి రికార్డు ప్లేయర్లు, అంటే టర్న్‌టేబుళ్లు, రెండు కొనడానికట. సెల్‌ఫోనులో అన్ని పాటలూ దొరికే ఈ రోజుల్లో ఆ పాతకాలపు సరుకు దేనికి, అదీ రెండు దేనికి? మా మామగారు ప్లేటు మీద ఎవరి వేలు పడినా ఊరుకునేవారు కాదు. వీడు దాన్ని చేత్తో వెనక్కీ ముందుకీ తోస్తానంటున్నాడు. వద్దని చెప్పమంటారా?
— ఒక తల్లి, హన్మకొండ

జవాబు: వద్దని చెప్పకండమ్మా. 'రెండు దేనికి' అన్న మీ సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ అబ్బాయి నేర్చుకోదలచిన విద్య పుట్టిందే ఆ రెండో ప్లేయరు దగ్గర. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు అపార్ట్‌మెంటు భవనంలో, జమైకా నుంచి వలస వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ అనే యువకుడు తన చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీలో పాటలు వేశాడు. బడులు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలన్నది ఆ అమ్మాయి ఆలోచన. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. కూల్ హెర్క్‌గా పేరు పొందిన ఆ యువకుడు, పాటలో గానం ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది సెకన్లలోనే జనానికి ఎక్కువ ఊపు వస్తోందని గమనించి, ఒకే రికార్డు ప్రతులను రెండు ప్లేయర్ల మీద ఉంచి, ఒకదానిలో ఆ భాగం ముగిసే వేళకు రెండోదానిలో అదే భాగాన్ని అందుకునేలా చేసి, సెకన్లను నిమిషాలుగా సాగదీశాడు. హిప్‌హాప్ సంగీత చరిత్రను చాలామంది ఆ పార్టీతోనే మొదలుపెడతారు.

హెర్క్ తరువాత వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ కథ మీలాంటి తల్లులు తప్పక వినవలసినది. బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన ఆ కుర్రవాడు వృత్తి విద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. పరికరాలు కొనే స్తోమత లేక, పారేసిన సామాన్లలోంచి విడిభాగాలు ఏరుకుని తన యంత్రాలు తానే కూర్చుకున్నాడు. రికార్డును మోసే పళ్లెం తిరుగుతూ ఉండగానే పైనున్న రికార్డును చేత్తో ఆపాలంటే, నడుమ ఉండే రబ్బరు పరుపు పట్టేసుకుని అడ్డుపడుతుంది. అతని తల్లి కుట్టుపని చేసేది కనుక బట్టల గుణాలు అతనికి కొంత తెలుసు. ఫెల్ట్ గుడ్డను రికార్డు కొలతకు గుండ్రంగా కత్తిరించి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి, పళ్లేనికీ రికార్డుకూ నడుమ వేశాడు. ఈనాటికీ డీజేలు రికార్డు కింద వేసుకునే గుడ్డ ఆ రకానిదే. మీరు భయపడుతున్న 'వెనక్కీ ముందుకీ తోయడం' కూడా ఒక తల్లి కేకతోనే మొదలైందంటారు: 1970ల మధ్యలో గ్రాండ్ విజర్డ్ థియోడోర్ అనే బాలుడు గదిలో పాటలు పెద్దగా పెట్టుకుని ఉండగా తల్లి గుమ్మంలో నిలబడి మందలించిందట, అతను రికార్డును చేత్తో పట్టి ఉంచి, ఆమె మాట్లాడుతున్నంతసేపూ అటూ ఇటూ కదిలిస్తూ ఆ శబ్దం బాగుందని కనిపెట్టాడట. స్క్రాచ్ పద్ధతికి ఆద్యుడిగా ఇప్పటికీ అతని పేరే చెబుతారు.

ఇక ఆ పెట్టె సంగతి. మీ మామగారి కాలపు ప్లేయర్లలో చాలావాటికి మోటారు ఒక పక్కన ఉండి, రబ్బరు బెల్టుతోనో చిన్న చక్రంతోనో పళ్లేన్ని తిప్పేది. చేత్తో ఆపితే బెల్టు జారుతుంది, వదిలితే వేగం అందుకోవడానికి సమయం పడుతుంది, కొన్నాళ్లకు సాగిపోతుంది. జపాన్‌లోని మత్సుషిత కంపెనీ 1970లో టెక్నిక్స్ పేరుతో విడుదల చేసిన ఎస్‌పీ-10 అనే యంత్రంలో పళ్లెం నేరుగా మోటారు ఇరుసు మీదే కూర్చుంటుంది. ఆ పద్ధతిలోనే 1972లో ఇళ్లలో శ్రద్ధగా పాటలు వినేవారి కోసం ఎస్‌ఎల్-1200 వచ్చింది. దాన్ని డీజేలు తమదిగా చేసుకున్నారు. 1979 నాటి మార్క్-2 నమూనాలో క్వార్ట్జ్ స్ఫటికంతో వేగానికి నిలకడ, ఎనిమిది శాతం వరకు వేగాన్ని పెంచడానికీ తగ్గించడానికీ పొడవాటి మీట చేరాయి. బటను నొక్కిన 0.7 సెకనులో పళ్లెం పూర్తి వేగం అందుకుంటుంది. నిమిషానికి 120 దరువుల పాటను ఆ మీటతో 110 నుంచి దాదాపు 130 దాకా జరపవచ్చు కనుక, వేరువేరు పాటల దరువును కలపడం చేతికి లొంగే పని అయింది.

చేతికి అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ ఇష్టానికి మూలం నా దృష్టిలో అక్కడే ఉంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డుకు ఒక చుట్టుకు సరిగ్గా 1.8 సెకన్లు పడుతుంది. ఫ్లాష్ తన రికార్డుల మీద క్రేయాన్‌తో గుర్తులు గీసుకుని, గడియారం ముల్లును చూసినట్లు చూసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పితే డ్రమ్ముల భాగం మొదటికి వస్తుందో లెక్కపెట్టేవాడు. నిమిషానికి సుమారు 133 దరువుల పాటలో నాలుగు దరువుల ఆవృత్తం ఒకటి సరిగ్గా ఒక చుట్టులో ఇమిడిపోతుంది. కాలం వేళ్ల కింద కొలతగా, బరువుగా తెలుస్తుందన్నమాట. ల్యాప్‌టాప్ తెర మీద పాటల ధ్వని గీతలు చూసి కలిపేవారిని నేను తక్కువ చేయను, కాని వారు కళ్లతో నేర్చుకున్నదాన్ని మీ అబ్బాయి చెవితోనూ చేతితోనూ నేర్చుకుంటాడు.

డబ్బు విషయంలో మాత్రం అతనికి ఒక మాట చెప్పండి. ఈ యంత్రాల తయారీ 2010లో ఆగిపోయింది; 2016లో తిరిగి వచ్చిన ప్రత్యేక నమూనా ధర 4,000 డాలర్లు కావడంతో డీజేలు ముక్కున వేలేసుకున్నారు. 2019లో వారి కోసమే వచ్చిన మార్క్-7 కొత్తది ఒక్కొక్కటి వెయ్యి డాలర్లకు అటూ ఇటూగా పలికింది. రెండింటికీ ఒకేసారి అప్పు చేయడం కంటే, మంచిది ఒకటి కొని, దాని మీద ఒక ఏడాది చేయి కుదుర్చుకుని, రెండోదానికి కూడబెట్టడం మేలు. పాత మార్క్-2 కొని ఇండియాకు తెచ్చే ఉద్దేశం ఉంటే, అమెరికాలో అమ్మినవి 120 వోల్టులకు తయారైనవని మరచిపోకూడదు. ఇక్కడి 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతాయి.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు డీజే బండి నడిపే ఓనరు దగ్గర మూడేళ్లుగా పనిచేస్తున్నాను. నాకంటూ ఒక ల్యాప్‌టాప్, అందులోని పాటలను నడిపే చిన్న కంట్రోలర్ ఉన్నాయి. టర్న్‌టేబుళ్లు కొంటే మన తెలుగు పాటలు వాటి మీద వేయగలనా? ఏది ముందు కొనాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తెలుగు పాటలు నిక్షేపంగా వేయవచ్చు, వాటి రికార్డులు దొరకకపోయినా సరే. సెరాటో వంటి డీజే సాఫ్ట్‌వేర్లతో వాడే 'టైమ్‌కోడ్' అనే ప్రత్యేకమైన రికార్డులున్నాయి. వాటి గాడిలో పాటకు బదులు ఒక సంకేత ధ్వని మాత్రమే ఉంటుంది. ముల్లు దాన్ని చదివితే, రికార్డు ఏ దిశలో, ఎంత వేగంతో, ఏ చోట తిరుగుతోందో ల్యాప్‌టాప్‌కు తెలుస్తుంది. అందులోని పాట అచ్చంగా మీ చేతిని అనుసరిస్తుంది. నిన్న విడుదలైన పాటను కూడా ఇలా స్క్రాచ్ చేయవచ్చు. ఈ పద్ధతి 2000ల తొలి సంవత్సరాల్లో రాకపోయి ఉంటే టర్న్‌టేబుళ్లు ఈపాటికి చాలా క్లబ్బుల నుంచి వెళ్లిపోయేవని నేననుకుంటాను.

అయితే ఊరేగింపు బండి మీద వీటిని ఆశించకండి. బండి కదులుతుంటే ముల్లు గాడి తప్పుతుంది. బండి నిలిచి ఉన్నా, పక్కనే ఉన్న పెద్ద బాస్ స్పీకర్ల అదురు పళ్లెం గుండా ముల్లుకు చేరి, తిరిగి స్పీకర్లలోకే వెళ్లి, హోరుగా పెరిగిపోతుంది. ఇవి కదలని బల్ల మీద, లోపలి హాళ్లలో వాడవలసినవి. కనుక రేపటి సంపాదన కోసమైతే మీ కంట్రోలరే చాలు. విద్య కోసమైతేనే కూడబెట్టండి. ఓనరుకు ఆ తేడా అక్కరలేదు, మీకు కావాలి.

కొనే వరుస నా లెక్కలో ఇది: టైమ్‌కోడ్‌కు పనికివచ్చే మంచి మిక్సరు ముందు, ఎందుకంటే స్క్రాచ్‌లో సగం పని దాని క్రాస్‌ఫేడర్‌దే (ఒక ప్లేయరు శబ్దం నుంచి రెండోదానికి మార్చే మీట), తరువాత నేరుగా మోటారు తిప్పే టర్న్‌టేబుల్ ఒకటి, దానితోపాటే డీజేలకని తయారైన కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచే చిన్న భాగం), అదనపు ముల్లు. టెక్నిక్సే కానక్కరలేదు, పయనీర్, రీలూప్ కంపెనీల నమూనాలు కూడా చాలామంది వాడుతున్నారు. సూట్‌కేసు ఆకారంలో ఇంటర్నెట్‌లో చవకగా దొరికే ప్లేయర్ల జోలికి మాత్రం పోకండి: బెల్టు బలహీనం, వేగం మీట ఉండదు, ముల్లు బరువు ఎక్కువై రికార్డును గీకేస్తుంది.

వాడినది కొనేటప్పుడు యంత్రాన్ని కళ్లెదుట నడిపించి చూడండి. వేగం మీట సున్నా దగ్గర ఉన్నప్పుడు, పళ్లెం అంచున ఉండే చుక్కల వరుసల్లో ఆ సున్నాకు చెందినవి ఎర్రని దీపం వెలుగులో కదలకుండా నిలిచినట్లు కనబడాలి. ముల్లును మోసే చేయిని మెల్లగా కదిపితే దాని మొదలు దగ్గర లటలటలాడకూడదు, ఏ మాత్రం ఆడినా వదిలేయండి, ఆ మరమ్మతు తెలిసిన చేతులు మన దగ్గర తక్కువ. తీగ కనెక్షన్లు, దీపాలు, మీట దుమ్ము వంటివి తరువాత బాగుచేయించుకోవచ్చు. ఇంటికి తెచ్చాక గుయ్‌మని శబ్దం వస్తుంటే కంగారు పడకుండా, వెనక ఉండే సన్నని ఎర్త్ తీగను మిక్సరుకు బిగించారో లేదో చూడండి.

ప్రశ్న: మా నాన్నగారు దాచిన పాత 78 వేగం ప్లేట్లు, నాటకాల పద్యాలవి, నా దగ్గర ఉన్నాయి. మా మనవడు కొన్న డీజే ప్లేయరు మీద వాటిని వినవచ్చునా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: అయ్యా, వినవచ్చు, కాని మూడు షరతులున్నాయి. పాత మార్క్-2లో 33⅓, 45 వేగాలే ఉంటాయి. మార్క్-7లో 78 కూడా ఉంది. 78 ప్లేట్ల గాడి వెడల్పు కనుక మామూలు ముల్లు దాని అడుగున జారుతూ కరకర శబ్దమే ఎక్కువ వినిపిస్తుంది, పైగా తొందరగా అరిగిపోతుంది. వాటికి దాదాపు నాలుగు రెట్లు లావైన మొన గల ముల్లు విడిగా అమ్ముతారు, దాన్ని మనవడి చేత తెప్పించుకోండి. మూడోది ముఖ్యం: అవి లక్కతో, రాతి పొడితో చేసిన ప్లేట్లు, వినైల్‌లాగా వంగవు, పెళుసుగా విరిగిపోతాయి. వాటి మీద మనవడిని చేయి వేయనివ్వకండి. అతను ఉత్సాహపడితే, ఒక్కసారి నెమ్మదిగా వేసి ఆ పద్యాలను ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేయమనండి. ఆ తరువాత టైమ్‌కోడ్ రికార్డు మీద వాటిని ఎంత స్క్రాచ్ చేసుకున్నా మీ ప్లేట్లకు గీత పడదు.