సమాధానం: వాన నీళ్లు వెనక గోడ దగ్గర నిలుస్తున్నాయి

హైదరాబాద్ అల్వాల్‌లో మీ ఇంటి వెనక గోడ చెమ్మెక్కి పెయింట్ ఊడుతోందని, లోపల వాటర్‌ప్రూఫింగ్ చేయించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. బయట నీళ్లు ఆగకుండా లోపల ఎంత పూసినా మళ్లీ ఊడుతుంది.

ముందు డాబా పైపులు చూడండి. మీరు చెప్పిన 1200 చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితేనే దాదాపు 1,100 లీటర్లు. అదంతా గోడ మొదట్లోనే పడుతోంది కదా! పైపులు పొడిగించి నీళ్లను దూరంగా వదిలితే సగం టెన్షన్ తీరొచ్చు.

తర్వాత గోడ పక్క నేల వాలు. మేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపుతో కొలిపించండి, కంటి అంచనా నమ్మొద్దు. గోడ నుంచి పది అడుగుల దూరానికి మట్టి నేల ఆరంగుళాలు దిగాలి. బండలు పరిస్తే రెండున్నర అంగుళాలు చాలు. నింపడానికి ఇసుక వాడకండి, నీళ్లు నేరుగా కిందికి దిగిపోతాయి. మొరం పొరలుపొరలుగా వేసి దిమ్మిస కొట్టించండి. ప్లింత్ బీమ్ (పునాది పైన, గోడ కింద ఉండే కాంక్రీటు దూలం) మాత్రం మట్టిలో కూరుకుపోకూడదు.

ఇంకుడు గుంత మంచిదే, కానీ పునాదికి దూరంగా, పల్లం వైపు తవ్వించండి. మన దగ్గర చాలాచోట్ల కొంచెం తవ్వగానే రాయి తగులుతుంది. అలాగైతే గుంత తొందరగా నిండుతుంది, పొర్లే నీళ్లు వాన కాలువకు పోయే దారి తప్పనిసరిగా పెట్టండి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కు మాత్రం కలపొద్దు, పెద్ద వానకు మురుగు ఎవరి బాత్రూంలోకైనా ఎదురు తన్నొచ్చు.

ఇవి చేశాక గోడ పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు పెయింట్ వేయించండి.