నాలుగు స్వరాలతో ఒక నెల

ప్రయోగాత్మక సంగీతమంటే నియమాలు వదిలేయడమేనా, కళాకారుడి స్వేచ్ఛ అంటే అదేనా అని అడిగారు. పన్నెండేళ్లు కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకున్నాక నాకు ఎదురైనది చెబుతాను.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మహతి, లవంగి లాంటి రాగాలను నాలుగే స్వరాలతో చేశారు. సర్వశ్రీకైతే మూడే. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలని కొందరు విద్వాంసులు అప్పట్లో గట్టిగా అభ్యంతరం చెప్పారు. మేళకర్తలనే 72 మూల రాగాల్లోనూ కృతులు రాసిన మనిషికి శాస్త్రం తెలియదని ఎలా అంటాం?

నేను మహతి పట్టుకున్నాను. స, గ, ప, ని, అంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, అంతే. తలుపు వేసుకుని, ఫోన్‌లో తంబురా పెట్టుకుని మొదలుపెట్టాను. కాదనేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఐదు నిమిషాలకే ఏం వాయించాలో తోచక ఒకటే టెన్షన్. వేలు తనంతట తాను మహతిలో లేని రిషభం (రి) మీదికి పోయేది. నిషాదం కైశికి వదిలి, దాని పైనుండే కాకలికి ఎక్కేది. వింటే మహతి పోయి హంసధ్వని రాగం వచ్చి కూర్చునేది. ఆ రాగంలోని 'వాతాపి గణపతిం' లెక్కలేనన్నిసార్లు వాయించిన చేయి మరి! ఎవరూ ఆపకపోయినా నా చేతికి స్వేచ్ఛ లేదని ఆ రోజు తెలిసింది.

అమెరికా స్వరకర్త జాన్ కేజ్ సంగతి అప్పుడే నాకు అర్థమైంది. 1951లో ఆయన నాణేలు ఎగరేసి, ఐ చింగ్ అనే ప్రాచీన చైనా గ్రంథం సాయంతో పియానో స్వరాలు నిర్ణయించాడు. అంతకుముందు అది పిచ్చిపని అనుకునేవాణ్ణి. తన ఇష్టాయిష్టాల పట్టు నుంచి బయటపడటానికి ఆయన వెతుక్కున్న దారి అది.

అలాగని బయటివాళ్ల అడ్డు చిన్నదేం కాదు. ఒక చిన్న సభలో మహతి వాయిస్తుంటే ఒక పెద్దాయన మధ్యలోనే "ఇక కృతి ఎత్తుకో నాయనా" అన్నారు. ఆపేశాను. ఇప్పటికీ బాధే. ఆయనకు నచ్చకపోవడంలో తప్పులేదు, నేను ఆపకుండా ఉండాల్సింది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే బాగా వచ్చిన రాగంలోంచి రెండు స్వరాలు తీసేసి రోజూ ఇరవై నిమిషాలు వాయించండి. రికార్డు చేసుకుని మర్నాడు వినండి. నాకు మూడో వారంలో గాంధారానికీ పంచమానికీ మధ్య తొందరపడటం తగ్గింది. ఆ ఖాళీలో తంబురా ఒక్కటే వినిపించేది, దాన్ని నింపాలని అనిపించలేదు.