ప్రశ్నలు – జవాబులు: పాత లైబ్రరీని కొత్త ఫోర్ట్రాన్ కంపైలర్ ఎందుకు అడ్డుకుంటోంది?

ప్రశ్న: 2014 అక్టోబరులో విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపానును డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ నమూనాలో మళ్లీ నడిపి చూడాలన్నది నా పరిశోధనలో ఒక భాగం. ఉబుంటు 22.04 ఉన్న కంప్యూటర్‌లో, నమూనాకు కావలసిన లైబ్రరీలను పాత శిక్షణ పాఠంలో చెప్పిన వరుసలోనే కంపైల్ చేస్తున్నాను. వాటిలో ప్రాసెసర్ల మధ్య డేటాను చేరవేసే ఎంపీఐసీహెచ్ 3.0.4 మాత్రం, కంపైల్‌కు ముందు కంప్యూటర్‌ను పరీక్షించే కాన్ఫిగర్ దశలోనే ఆగిపోతోంది. ఒకే రొటీన్‌ను వేర్వేరు రకాల ఆర్గ్యుమెంట్లతో (దానికి అందించే విలువలతో) పిలిచే ఫైళ్లను నా ఫోర్ట్రాన్ కంపైలర్ జీఫోర్ట్రాన్ కంపైల్ చేయదని సందేశం వస్తోంది. మా సీనియర్ ఇవే ఫైళ్లను, ఇవే ఆదేశాలతో ఉబుంటు 20.04లో ఏ ఇబ్బందీ లేకుండా కంపైల్ చేశారు. నా ఫైలు పాడైందా, కంపైలర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?
– పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ ఫైలూ పాడవలేదు, కంపైలరూ చెడిపోలేదు. మీ సీనియర్ కంప్యూటర్‌కూ మీ కంప్యూటర్‌కూ ఉన్న తేడా అంతా కంపైలర్ వెర్షన్‌లోనే ఉంది. ఉబుంటు 20.04తో మామూలుగా వచ్చేది జీఫోర్ట్రాన్ 9, 22.04తో వచ్చేది 11. ఈ రెండింటికీ నడుమ, 2020 మే నెలలో విడుదలైన జీసీసీ 10లో (జీఫోర్ట్రాన్ ఈ కంపైలర్ల సముదాయంలో భాగమే) ఫోర్ట్రాన్ నియమం ఒకటి కట్టుదిట్టమైంది. ఒకే ఫైలులో ఒక రొటీన్‌ను ఒకచోట పూర్ణాంకాల అర్రేతోనూ మరొకచోట దశాంశ సంఖ్యల అర్రేతోనూ పిలిస్తే, దాన్ని అప్పటినుంచి జీఫోర్ట్రాన్ తప్పుగా లెక్కగట్టి పనిని ఆపేస్తుంది. మీ ఎంపీఐసీహెచ్ వెర్షన్ అంతకు చాలా ఏళ్ల ముందుది కాబట్టి, దాన్ని రాసినవారికి ఈ కట్టుబాటు ఎదురయ్యే అవకాశమే లేదు.

అలాగని వారు నిర్లక్ష్యంగా రాశారని అనుకోకండి. ఎంపీఐసీహెచ్ అమలుచేసే ఎంపీఐ అనే పద్ధతి చేసే పనే ఒక ప్రాసెసర్ దగ్గరున్న డేటాను మరొకదానికి చేరవేయడం. ఆ డేటా ఉష్ణోగ్రతలు కావచ్చు, గ్రిడ్ సంఖ్యలు కావచ్చు, అక్షరాలు కావచ్చు. పంపే రొటీన్ మాత్రం ఒక్కటే. ఫోర్ట్రాన్ సాధారణంగా ఆర్గ్యుమెంటు చిరునామానే అందిస్తుంది, డేటా రకమేమిటో, ఎన్ని అంశాలున్నాయో ఎంపీఐ వేరే ఆర్గ్యుమెంట్ల ద్వారా తెలుసుకుంటుంది. అందుకే భాషా ప్రమాణం దీన్ని అనుమతించకపోయినా పని మాత్రం దశాబ్దాలుగా సక్రమంగానే నడిచింది. ఏ రకమైన ఆర్గ్యుమెంటునైనా తీసుకోగల రొటీన్‌ను ప్రకటించే మార్గం ప్రామాణిక భాషలోకి ఫోర్ట్రాన్ 2018తో వచ్చింది.

ఇక పరిష్కారం. ‘-ఎఫ్ఎలో-ఆర్గ్యుమెంట్-మిస్‌మ్యాచ్’ అనే ఆప్షన్ ఇస్తే ఈ ఎర్రర్ హెచ్చరికగా మారుతుంది. ఇందులో ‘ఎఫ్’ అక్షరానికీ ‘ఎలో’ అనే పదానికీ మధ్య ఖాళీ గానీ హైఫన్ గానీ ఉండదు. దీన్ని ఎఫ్‌ఫ్లాగ్స్, ఎఫ్‌సీఫ్లాగ్స్ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లలోనూ పెట్టాలి, ఎందుకంటే మొదటిది పాత ఫోర్ట్రాన్ 77 ఫైళ్లకు, రెండోది ఫోర్ట్రాన్ 90, ఆ తర్వాతి ఫైళ్లకు వర్తిస్తుంది. చాలామంది మొదటిదొక్కటే పెట్టి, ఆప్షన్ పనిచేయలేదని వదిలేస్తుంటారు. రెండింటినీ కాన్ఫిగర్ నడపడానికి ముందే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఆ తర్వాత అసలు కంపైల్ చేసే మేక్ ఆదేశం దగ్గర ఇచ్చి లాభం లేదు, మీ పని అక్కడిదాకా రావడమే లేదు. అంతకన్నా ముందు, విఫలమైన పాత డైరెక్టరీని తీసేసి, టార్ ఫైలును కొత్తగా విప్పుకోండి. పాత ప్రయత్నపు ఫలితాలు ఆ డైరెక్టరీలో మిగిలి ఉంటే, సరైన ఆదేశం ఇచ్చినా పాత ఎర్రరే కనిపించవచ్చు. అయినా ఆగితే తెరమీది చివరి వాక్యంతో సరిపెట్టుకోకుండా కాన్ఫిగ్.లాగ్ ఫైలు తెరవండి. ఏ చిన్న పరీక్షా ప్రోగ్రామును కంపైల్ చేయబోయి ఆగిందో, దానికి కంపైలర్ చెప్పిన అసలు మాట ఏమిటో అందులో ఉంటుంది.

జీఫోర్ట్రాన్ 9ని తెచ్చి పెట్టుకోవడం కూడా ఒక దారే, కానీ నేను దాన్ని సూచించను. ఫోర్ట్రాన్ మాడ్యూల్ ఫైళ్లు కంపైలర్‌ను బట్టి మారతాయి. కొన్ని లైబ్రరీలను ఒకదానితో, నమూనాను మరొకదానితో కంపైల్ చేస్తే చిక్కులు ఇంకోచోట తేలుతాయి. వీలైతే ఎంపీఐసీహెచ్ కొత్త వెర్షన్ తీసుకోవడమే మేలు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ ఆప్షన్‌ను మీరు స్వయంగా రాసుకున్న ప్రోగ్రాములకు అలవాటుగా తగిలించకండి. ఎనిమిది బైట్ల దశాంశ సంఖ్య కోసం ఎదురుచూసే రొటీన్‌కు పొరపాటున నాలుగు బైట్ల సంఖ్యను అందిస్తే, కొత్త కంపైలర్ ఆపేది సరిగ్గా అలాంటి తప్పునే. దాని నోరు మూయిస్తే ప్రోగ్రాము నడుస్తుంది, సంఖ్యలూ వస్తాయి, అవి అర్థం లేని సంఖ్యలు. తుపాను గాలి వేగాన్ని లెక్కించే పనిలో అలాంటి తప్పు దొరక్కుండా ఉండిపోవడం కన్నా, కంపైలర్ దగ్గర ఒక పూట ఆగిపోవడమే నయం.

ప్రశ్న: వాతావరణ డేటా ఫైళ్లను చదవడానికీ రాయడానికీ వాడే నెట్‌సీడీఎఫ్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేసి, లింక్ ఆదేశంలో ‘-ఎల్‌నెట్‌సీడీఎఫ్’ ఇచ్చినా నా ఫోర్ట్రాన్ ప్రోగ్రాముకు ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అనే ఎర్రర్ వరసగా వస్తోంది. కారణం ఏమై ఉంటుంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కంపైల్ దశ దాటిపోయింది, కంపైలైన ఫైళ్లనూ లైబ్రరీలనూ కలిపే లింకర్ దగ్గర ఆగింది. నెట్‌సీడీఎఫ్ 4.2 నుంచి ఫోర్ట్రాన్ భాగం వేరే లైబ్రరీగా విడిపోయింది. దాని పేరు చివర ‘ఎఫ్’ అక్షరం అదనంగా ఉంటుంది. మీరు ఇచ్చింది సీ లైబ్రరీని మాత్రమే. ఉబుంటులో కూడా ఆ రెండింటికీ వేర్వేరు డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఉన్నాయి, రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. లింక్ ఆదేశంలో మీ ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాత ముందుగా ఫోర్ట్రాన్ లైబ్రరీ, దాని వెనుక సీ లైబ్రరీ రావాలి, ఎందుకంటే మొదటిది రెండోదాని మీద ఆధారపడుతుంది. ఈ వరుసను చేత్తో రాసుకోనక్కర లేకుండా, ఫోర్ట్రాన్ లైబ్రరీతో పాటు వచ్చే ‘ఎన్‌ఎఫ్-కాన్ఫిగ్’ ఆదేశాన్ని ‘--ఎఫ్‌లిబ్స్’తో నడిపితే, ఇవ్వాల్సిన ఆప్షన్లన్నీ అదే చూపిస్తుంది.