టీవీకి ఊడిగం చేసినవాడు చెప్పే చరిత్ర

టీవీ చరిత్రను కాస్త సరదాగా చెప్పమని, ఇక దాని కాలం చెల్లినట్టేనా అని మీరు అడిగారు. చిన్నతనంలో మా ఇంటికి రిమోటుగా పనిచేసి, పెద్దయ్యాక టీవీ మెకానిక్‌గా చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కనుక, నేను ఈ చరిత్రను తెర ముందు కూర్చుని కాక పెట్టె వెనకాల కూర్చుని చూశాను. అక్కడి నుంచి చూస్తే, తనకు ఊడిగం చేసే మనిషి లేకుండా టీవీ ఒక్క రోజు కూడా పనిచేసినట్టు కనిపించదు.

1925లో లండన్‌లో జాన్ లోగీ బైర్డ్ చిల్లుల చక్రం తిప్పుతూ కేవలం 30 గీతలతో బొమ్మను తెర మీదకు తెచ్చే ప్రయత్నంలో ఉన్నప్పుడు, దీపాల వేడి మనిషి తట్టుకోలేనంతగా ఉండడంతో, స్టూకీ బిల్ అనే మాట్లాడే బొమ్మ తలను వాటి ఎదుట పెట్టేవాడు. ఆ అక్టోబరులో బొమ్మ ముఖం తెర మీద సరిగ్గా కనిపించగానే, అదే భవనంలో పనిచేసే విలియం టేంటన్ అనే యువకుణ్ణి లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. అతడు వేడికి వెనక్కి జరిగిపోవడంతో తెర మీద ఏమీ కనిపించలేదు, చేతిలో కొంత డబ్బు పెట్టాకే మళ్లీ కుదురుగా కూర్చున్నాడు. నేటి చర్చా కార్యక్రమాలలో కూర్చునేవారు ఆ వేడిని తామే పుట్టించుకుంటున్నారు కాబట్టి, ఆ మేరకు పురోగతి ఉన్నట్టే.

ఆ తరువాత 1927 సెప్టెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫైలో ఫార్న్స్‌వర్త్, తిరిగే చక్రమేదీ లేకుండా పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఒక చిత్రాన్ని పంపాడు. ఆ చిత్రం ఒకే ఒక గీత. పిక్చర్ ట్యూబుల కాలంలో, బొమ్మను తెర మీద పైనుంచి కిందికి పరిచే వర్టికల్ ఐసీ అనే చిప్పు పోయిన ప్రతి సెట్టూ, తన పూర్వీకులను తలచుకుంటున్నట్టుగా, తెర నడుమ ఒక్క అడ్డగీత మాత్రమే చూపిస్తూ నా బల్ల మీదకు వచ్చేది.

వైరు లేని రిమోటు 1955లో వచ్చింది. యూజీన్ పాలీ తయారుచేసిన ఆ రిమోటు టార్చిలైటు వంటిది. సెట్టు మూలల్లోని కాంతి గ్రాహకాల మీద వెలుగు వేస్తే చానెల్ మారేది, కానీ కిటికీలోంచి ఎండ పడినా మారేది. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ వెలుగుకు బదులు చెవికి అందని శబ్దాన్ని వాడాడు, అప్పుడు చిల్లర నాణేలు గలగలమన్నా చానెల్ మారే అవకాశం ఏర్పడింది. నా హయాములో మా ఇంట్లో ఎండకూ చిల్లరకూ ఆ అధికారం లేదు, మా నాన్నగారి గొంతుకే ఉండేది.

చానెల్ మార్చడం తేలికైన పనే. అసలు కష్టం మేడ మీది యాంటెన్నాతోనే. నేను దాన్ని పట్టుకున్నంతసేపు బొమ్మ స్పష్టంగా ఉండేది, వదలగానే చుక్కలు కమ్మేవి. మన ఒళ్లు కూడా సంకేతాన్ని పట్టే యాంటెన్నాలో భాగమైపోతుందని తరువాత చదువుకున్నాను గానీ, ఆనాడు మాత్రం "కదలకు, అలాగే నిలబడు!" అన్న ఆజ్ఞ తప్ప శాస్త్రమేదీ నాకు వినిపించలేదు. పెట్టె మీద చరిచితే బాగుపడడం కూడా మహిమ కాదు. వేడికి సాగుతూ, చల్లారితే ముడుచుకుంటూ టంకం అతుకులలో పగుళ్లు వస్తాయి, దెబ్బకు అవి తాత్కాలికంగా మళ్లీ కలుసుకుంటాయి. పలచటి తెరలు వచ్చాక చరచడానికి చోటు లేకుండా పోయింది, నా వృత్తిలో సగం కళ దానితోనే పోయింది.

ఇక భవిష్యత్తు సంగతి. మనిషి చేయనని మొండికేసిన ఊడిగం, నేను చూసినంతవరకు, పడుకుని కూడా కళ్లద్దాలు పెట్టుకోవడం ఒక్కటే. త్రీడీ టీవీలను పెద్ద కంపెనీలు 2017 నాటికి వదిలేయడానికి అది ఒక కారణమని నా నమ్మకం. మాట వినే టీవీలు ఇప్పటికే వచ్చాయి, తెర మీది పాత్ర పలికిన మాటకు కూడా అవి అప్పుడప్పుడు ఉలిక్కిపడి లేస్తున్నాయి కాబట్టి, ఆ పాత చిల్లర గలగల ఇంకా మనలను వదల్లేదు. ఇంటర్నెట్ ప్రసారం ఆలస్యంగా అందడం వల్ల, ఆటలో గెలుపు మన తెర మీద కన్నా ముందు పక్కింటి కేకలో తెలుస్తోంది.

పెట్టె రూపం ఎంత మారినా టీవీ పోదని నేను అనుకోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. నిన్న రాత్రి రిమోటు బాణాలతో ఒక్కొక్క అక్షరాన్నీ వెతుకుతూ పాస్‌వర్డు కొడుతున్నాను. సోఫాలో పడుకున్న మనవడు, "దాటిపోయావు తాతయ్యా, వెనక్కి, వెనక్కి, ఆ, అక్కడే ఆగు!" అని అచ్చం మా నాన్నగారి గొంతుతో అరిచాడు.